రిసెప్షన్‌లో డ్రింక్స్ కౌంటర్: ఎవరికివ్వాలి, ఏం పెట్టాలి?

పెద్దబ్బాయి (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. వైశాఖంలో మా తమ్ముడి పెళ్ళి. పెళ్ళి అమ్మాయి వాళ్ళ ఊళ్ళో, భీమవరం దగ్గర. రిసెప్షన్ మాది. శంషాబాద్ వైపు ఒక కన్వెన్షన్ హాల్లో, సాయంత్రం 7 నుంచి. పిలుపులు 700 దాకా ఉన్నాయి, 600 మంది వస్తారని లెక్క. భోజనాలు ఖాయం చేసేశాం. ఇప్పుడు ఇంట్లో గొడవంతా డ్రింక్స్ దగ్గరే.

మూడు కొటేషన్లు వచ్చాయి. మొదటివాడు 25 రకాల మాక్‌టైల్స్ (మందు కలపని డ్రింకులు), రంగు లైట్ల కౌంటర్, సీసాలు గాల్లోకి ఎగరేసే కుర్రాడు, చివర్లో పొగలొచ్చే గ్లాసు. మనిషికి 110 రూపాయలు. రెండోవాడు 12 రకాలు, మనిషికి 70. మూడోది మా క్యాటరర్ వాళ్ళదే, 4 రకాలు, మనిషికి 35.

ఇది చాలదన్నట్టు తమ్ముడి ఫ్రెండ్స్ 'అసలు బార్' కావాలంటున్నారు. ఆ మాట చెవిన పడగానే నాన్నగారు పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు. ఇంకా బయటికి రాలేదనుకోండి. ఈ మధ్య ఇలాంటివి చేసినవాళ్ళు దారి చూపిస్తే పుణ్యం.


నిమ్మసోడా

25 రకాలు అనగానే పడిపోకండి. మా చెల్లి రిసెప్షన్‌కి అలాంటి కౌంటరే పెట్టాం. వెనక్కెళ్ళి చూస్తే ఏముంది, తెల్ల కూల్‌డ్రింకు రెండు లీటర్ల సీసాలు, పక్కన రంగు రంగుల సిరప్‌లు. నీలం పోస్తే బ్లూ లగూన్, ఆకుపచ్చ పోస్తే గ్రీన్ ఆపిల్, పుదీనా రెండాకులు వేస్తే మొహితో. రుచి అన్నిటిదీ ఒకటే, తీపి. ఇంకో మాట, ఆ నీలం సిరప్ మా అత్తయ్య గద్వాల చీర మీద పడింది. అది పోవడానికి ఎన్ని డ్రైక్లీనింగ్ షాపులు తిరిగామో నాకు తెలుసు, అత్తయ్యకి తెలుసు.


ఓరుగల్లు పోరడు

అన్నా, బార్ సంగతి నేను చెప్తా. నువ్వు పెట్టకపోతే తాగరనుకుంటున్నావా? మా కజిన్ రిసెప్షన్‌కి హాల్లో చుక్క లేదు. పార్కింగ్‌లో మాత్రం ఆరు కార్ల డిక్కీలు తెరిచే ఉన్నాయి. ప్లాస్టిక్ గ్లాసులు, పల్లీలు, ఒకడు ఐస్ కోసం క్యాటరింగ్ వాళ్ళ దగ్గరికి రావడం, పోవడం. భోజనం టైమ్‌కి సగం మంది పోరగాళ్ళు స్టేజి దగ్గరే లేరు. ఆ తర్వాత అదే కార్లు వాళ్ళే నడుపుకుంటూ రింగ్ రోడ్డు ఎక్కారు. పెట్టకపోవడం అంటే కనబడకుండా పెట్టడం, అంతే.


అద్దంకి సుబ్బాయి

పై మాటతో నేను ఒప్పుకోను. డిక్కీలో తాగేవాడు తాగుతాడు, దానికి పెళ్ళివారి పూచీ ఏముంది? హాల్లో బార్ పెడితే మాత్రం ఏం జరిగినా పెళ్ళివారి మీదికే వస్తుంది. నూతన వధూవరుల్ని ఆశీర్వదించడానికి వచ్చిన పెద్దవాళ్ళు అక్షింతలు పట్టుకుని ఒక కౌంటర్ దాటి వెళ్ళాలా? మీ నాన్నగారు చేసిందే సబబు.


పెద్దబ్బాయి

సుబ్బాయి గారూ, నాన్నగారి మాటా అదే. ఓరుగల్లు తమ్ముడూ, నీ మాట కూడా కాదనలేను. మా మేనమామ పెళ్ళిలో సరిగ్గా అదే జరిగింది.


ఆబ్కారీ తెలిసినోడు

ఇద్దరి మాటా పక్కన పెట్టి రూల్ చూడండి. తెలంగాణలో ఫంక్షన్ హాల్లో మందు పోయాలంటే ఎక్సైజ్ శాఖ నుంచి ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. ఆన్‌లైన్‌లోనే అప్లై చేయొచ్చు. హాల్ వాళ్ళు 'మేం చూసుకుంటాం సార్' అంటే నమ్మకండి, పర్మిట్ కాగితం చేతికి తీసుకోండి. ఏ రోజు, ఏ చోటు, ఎన్ని గంటల దాకా అన్నది అందులో ఉంటుంది.

రెండోది, సరుకు. ఇక్కడ లైసెన్స్ ఉన్న షాపులో కొన్నదే పొయ్యాలి. గోవా నుంచి కార్లో తెచ్చినవి, ఆర్మీ క్యాంటీన్‌లో ఎవరో బాబాయ్ ఇప్పించినవి, ఇవన్నీ ఇక్కడ పన్ను కట్టని సరుకు కిందే లెక్క. పట్టుబడితే రిసెప్షన్ రోజున పెళ్ళికొడుకు తండ్రి స్టేషన్‌లో కూర్చోవాలి. విమానంలో వచ్చే మనిషికి డ్యూటీ ఫ్రీలో 2 లీటర్ల దాకా ఉంటుంది కదా అని పదిమంది చేత తెప్పించి బార్ పెట్టిన మహానుభావులు కూడా ఉన్నారు. ఆ 2 లీటర్లు అతను ఇంట్లో పెట్టుకోవడానికి.

తేదీ కూడా చూసుకోండి. పోలింగ్ ఉంటే అది ముగిసే టైముకి 48 గంటల ముందు నుంచే బంద్. శోభాయాత్రలు, నిమజ్జనం లాంటివి ఉన్నా హైదరాబాద్‌లో కమిషనర్ ఆర్డర్ ఇచ్చి వైన్స్ మూయిస్తారు. సరుకు ముందు రోజు కొందాంలే అనుకున్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.


డల్లాస్ పిన్ని

ఇక్కడ టెక్సస్‌లో మా అబ్బాయి రిసెప్షన్ చేశాం కాబట్టి మా గోల కూడా వినండి. హోటల్ వాడు మొదట చూపించింది ఓపెన్ బార్ ప్యాకేజీ. మనిషికింత అని రేటు, దాని మీద సర్వీస్ చార్జి, దాని మీద టాక్స్. 250 మందికి లెక్క కట్టి మా ఆయన కుర్చీలో కూలబడ్డారు. నేను గెస్టు లిస్టు తీసుకుని పెన్సిల్‌తో టిక్కులు పెట్టాను. మా వదినలు, అత్తలు, గుడి కమిటీ వాళ్ళు, 21 దాటని పిల్లలు, గర్భిణులు, శనివారం ముట్టనివాళ్ళు. తాగేవాళ్ళు 250లో 90 మందే తేలారు! మిగిలిన 160 మంది ఆరెంజ్ జ్యూస్‌కి విస్కీ రేటు కట్టడమేనా?

కన్సంప్షన్ బార్ అడిగాం. అంటే ఎన్ని గ్లాసులు పోస్తే అన్నిటికే బిల్లు. ఇంత మొత్తం దాటబోతుంటే నాకు చెప్పమని మేనేజర్‌తో కాగితం మీద రాయించుకున్నాను. అందరూ తాగే గుంపయితే ప్యాకేజీ మేలు, మనలాంటి సగం సగం గుంపుకి మాత్రం ఇదే నయం. డబ్బులు అతిథులే ఇచ్చుకునే క్యాష్ బార్ కూడా ఉందన్నాడు. పిలిచి డబ్బులడగడమా అని మా అత్తగారు ఇండియా నుంచి ఫోన్‌లోనే తిట్టారు.

ఇక్కడ కొన్ని హాళ్ళలో మన సీసాలు మనమే తెచ్చుకోవచ్చు కానీ, పోసేవాడికి రాష్ట్రం వాళ్ళ సర్టిఫికెట్ ఉండాలని హాల్ వాళ్ళు పట్టుబడతారు. అదీ ఒకందుకు మంచిదే. బాగా ఎక్కినవాడికి 'ఇక చాలు సార్' అని చెప్పేది బయటివాడైతే చుట్టాల మధ్య మాటలు రావు.


సీమ నన్నారి

మీరంతా బార్ బార్ అంటున్నారు. అసలు వైశాఖం ఎండలో వచ్చేవాళ్ళకి ముందు కావాల్సింది దాహం తీరడం. మా అనంతపురం వైపు పెళ్ళిళ్ళలో నన్నారి షర్బత్ లేకపోతే ఎండాకాలం పెళ్ళే కాదు. మీరు సుగంధి అంటారు, సుగంధిపాల వేళ్ళతో చేస్తారు. నిమ్మరసం, నానబెట్టిన సబ్జా గింజలు, సోడా. దీన్ని పెట్టి చూడండి, మీ బ్లూ లగూన్ దిక్కు ఎవరైనా పోతారేమో!


నిమ్మసోడా

దాంతో పాటు గోలీ సోడా. రాజమండ్రి రోజ్ మిల్క్ కూడా పెట్టొచ్చు, కాకపోతే పాలది, ఎండకు జాగ్రత్త.


ఓరుగల్లు పోరడు

నీరా పెట్టు అన్నా. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ కూడా ఉంది కదా.


సీమ నన్నారి

నీరా చల్లగా ఉన్నంతసేపే నీరా, తమ్ముడూ. వైశాఖంలో ఐస్ పెట్టె బయట వదిలేస్తే కాసేపటికి కల్లు. అప్పుడు సుబ్బాయి గారు ఎక్సైజ్ పర్మిట్ అడుగుతారు.


అద్దంకి సుబ్బాయి

అడుగుతాను.


గరిటె పట్టినోడు (18 ఏళ్ళుగా క్యాటరింగ్)

పెద్దబ్బాయి గారూ, ఆలస్యంగా చూశాను, ముహూర్తాల సీజన్. మీరు రకాలు లెక్కపెడుతున్నారు. చేతులు లెక్కపెట్టండి.

600 మంది పిలుపుకి 7 గంటలకి ఎవరూ రారు. ఏడు ముప్పావు నుంచి తొమ్మిది దాకా, ఆ గంటంపావులో 400 మంది ఒకేసారి దిగుతారు. ఆర్డర్ ఇచ్చాక చేసే మాక్‌టైల్ ఒకటి చూడండి. గ్లాసులో పుదీనా వెయ్యాలి, నిమ్మచెక్క వెయ్యాలి, కర్రతో నూరాలి, సిరప్, ఐసు, సోడా, గరిటె తిప్పడం, స్ట్రా, పైన ఒక ఆకు. చెయ్యి తిరిగినవాడికి నిమిషంన్నర. గంటకి 40 గ్లాసులు, గంటంపావుకి 50. అంటే ఆ 400 మందికి తలా ఒక గ్లాసు అందాలంటే ఎనిమిది మంది నిలబడాలి. మీకు 110 చెప్పినవాడిని ఎంతమంది వస్తారని అడగండి. 'ఫుల్ టీమ్ సార్' అంటాడు. ఫుల్ టీమ్ అంటే ఇద్దరు చేసేవాళ్ళు, ఒకడు గ్లాసులు కడిగేవాడు, ఒకడు సీసా ఎగరేసేవాడు. సీసా గాల్లో ఉన్నంతసేపు క్యూ కదలదు.

నేనైతే ఇలా చేస్తా. నాలుగు రకాలు ముందే కలిపి, టాప్ ఉన్న పెద్ద జార్లలో పెట్టి, ఐసు మాత్రం గ్లాసులో వేసి పట్టిస్తా. ఒక మనిషి నిమిషానికి నాలుగు గ్లాసులు సునాయాసంగా ఇస్తాడు. జార్ల దగ్గర ముగ్గురు, అప్పటికప్పుడు చేసే రెండు రకాల దగ్గర ఇద్దరు. జార్లు గేటు దగ్గర కాదు, గేటు దాటి ఇరవై అడుగులు లోపల పెట్టాలి, లేకపోతే స్వాగతం చెప్పేవాళ్ళ మీద జనం పడతారు. అప్పటికప్పుడు చేసేది స్టేజికి అవతలి మూలన. క్యూ అంటే ఇష్టమున్నవాళ్ళు అక్కడికి పోతారు.

లెక్క: మనిషికి గ్లాసున్నర, 900 గ్లాసులు. ఐసు పోను గ్లాసులో 150 మిల్లీలీటర్లు పడుతుంది, మొత్తం 135 లీటర్లు. ఐసు మనిషికి అరకిలో చొప్పున 300 కిలోలు, మీది వైశాఖం కాబట్టి 400 చెప్పండి. అందులో సగం ఐసు జార్లు, సీసాలు చల్లబరచడానికే పోతుంది.

ఐసు దగ్గర రాజీ పడొద్దు. చేపల లారీలకు వేసే దిమ్మ ఐసు తెచ్చి గోనెపట్టాలో పెట్టి సుత్తితో కొట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తినడానికి పనికిరాని ఐసుకి నీలం రంగు కలపాలని 2018లో రూలు వచ్చింది కానీ, రంగు లేనంత మాత్రాన మంచిదని కాదు. మంచినీళ్ళతో చేసిన ట్యూబ్ ఐసు, మధ్యలో బెజ్జం ఉంటుంది చూడండి, అది సీలు వేసిన బస్తాల్లో తెమ్మనండి. బిల్లు చూపించమనండి. పెళ్ళిలో కడుపులు పాడైతే అందరూ బిర్యానీని తిడతారు, సగం సార్లు తప్పు ఐసుది.

నిమ్మరసం పొద్దున పిండి తెస్తామంటే ఒప్పుకోకండి, రాత్రికి చేదెక్కుతుంది. పుదీనా తడిగుడ్డలో చుట్టి చల్లగా ఉంచకపోతే నల్లబడుతుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి తీపి లేనివి రెండన్నా ఉండాలి. అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ ఒకటి, జల్‌జీరా ఒకటి.


డల్లాస్ పిన్ని

సీసా గాల్లో ఉన్నంతసేపు క్యూ కదలదు! ఈ ముక్క మా హోటల్ మేనేజర్‌కి అప్పుడే చెప్పాల్సింది.


డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ

ఒకటి ఎవరూ అనలేదు. ఆ పొగలొచ్చే గ్లాసు వద్దనండి. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీలు. ముక్క నోట్లోకి పోతే కాలిపోతుంది. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఒక రెస్టారెంట్‌లో మౌత్ ఫ్రెషనర్ అనుకుని నోట్లో వేసుకున్నవాళ్ళు రక్తం కక్కుకున్నారు. లిక్విడ్ నైట్రోజన్ ఇంకా ఘోరం, మైనస్ 196. అది వేసిన డ్రింకు పొగ ఆగకముందే తాగిన ఒకతనికి కడుపులో రంధ్రం పడింది. ఆ తర్వాత 2017లో హర్యానా ప్రభుత్వం తిండిలో, డ్రింకుల్లో దాన్ని నిషేధించింది. చిన్నపిల్లలు 'పొగ మింగుతా' అని గ్లాసు ఎత్తుతారు. ఫొటో కోసం ఎందుకండీ.


పెద్దబ్బాయి

డాక్టర్ గారూ, పొగ గ్లాసు ఈ నిమిషమే కొట్టేశాను. గరిటె పట్టినోడు గారూ, మీ పోస్టు ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాం. ఇద్దరికీ ఫోన్ చేసి 'ఎన్ని చేతులు' అని అడిగా. 110 వాడు, 'సార్, మీరు క్వాలిటీ చూడండి, కౌంట్ చూడకండి' అన్నాడు. 70 వాడు ఐదుగురు వస్తారని, పేర్లతో సహా రాసిచ్చాడు. వాడికే ఖాయం చేశాం. 12 రకాలు తీసేసి 6. నన్నారి, గోలీ సోడా, మజ్జిగ, జల్‌జీరా, పుచ్చకాయ రసం, ఒక్క మొహితో. నీలం ఏదీ లేదు.

బార్ విషయంలో మధ్యే మార్గం దొరికింది. రిసెప్షన్‌లో ఉండదు. ముందు రోజు రాత్రి వేరే చిన్న హాల్లో, కుర్రాళ్ళకి, 60 మందికి, పర్మిట్‌తో. నాన్నగారు 'నాకు చెప్పొద్దు, నేను వినలేదు' అన్నారు. అది ఒప్పుకున్నట్టే.

సరుకు ఎంత కొనాలో ఎవరైనా చెప్తారా?


ఆబ్కారీ తెలిసినోడు

60లో తాగేవాళ్ళు 40 అనుకుందాం. మూడు గంటల పార్టీ. విస్కీ వాళ్ళు 20 మంది, తలా మూడు లార్జులు, అంటే 60 మిల్లీలీటర్ల చొప్పున 180. మొత్తం 3.6 లీటర్లు. ఫుల్ బాటిల్ 750, ఐదు చాలు. బీరు వాళ్ళు 15 మంది, తలా రెండు 650 మిల్లీలీటర్ల సీసాలు, కేసులో 12 కాబట్టి రెండున్నర కేసులు, మూడు తీసుకోండి. వైన్ అడిగేవాళ్ళు ఐదుగురో ఆరుగురో, సీసాకి ఐదు గ్లాసులు వస్తాయి, మూడు సీసాలు. ఎక్కువ కొంటే మిగలదు. ఉన్నంతా తాగుతారు. అది మన రక్తంలో ఉంది.


ఓరుగల్లు పోరడు

పోసేవాడిని పెట్టు అన్నా. మనవాళ్ళు ఎవరికి వాళ్ళు పోసుకుంటే 60 కాదు, 90 పోస్తారు. కొలగ్లాసు చేతిలో ఉన్న మనిషి ఉంటే ఐదు సీసాలు ఐదులాగే నడుస్తాయి.


అద్దంకి సుబ్బాయి

డ్రైవర్లు? రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మొదటిసారికే 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. తెల్లారితే పెళ్ళివారింట్లో రిసెప్షన్. ఎవడైనా బ్రీత్ ఎనలైజర్ ఊదుతూ టీవీలో కనబడితే?


పెద్దబ్బాయి

రెండు టెంపోలు, నలుగురు డ్రైవర్లు మాట్లాడాం గురువుగారూ. కారు తాళాలు గుమ్మంలోనే నేను తీసుకుంటా. ఇవ్వనివాడికి గ్లాసు లేదు.


అద్దంకి సుబ్బాయి

అలాగైతే సరే.


పెద్దబ్బాయి (నెలన్నర తర్వాత, ఆదివారం ఉదయం)

మాట ఇచ్చాను కదా, ఏం జరిగిందో రాస్తున్నా. పెళ్ళి, రిసెప్షన్ అన్నీ బాగా జరిగాయి.

ముందు రోజు పార్టీ: 27 తాళాలు నా జేబులో. విస్కీ ఐదు సీసాలకి నాలుగుంపావు అయింది. బీరు మాత్రం పది గంటలకే అయిపోయింది, లెక్క అక్కడ తప్పింది. ఎండాకాలం కదా, విస్కీ వాళ్ళు కూడా బీరుకి మారారు. ఇంకా తెప్పించమని గోల చేశారు కానీ, మా బావ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

రిసెప్షన్: ఐదుగురు రాసిచ్చినవాడు నలుగురితో దిగాడు. ఐదోవాడికి జ్వరమట. కాగితం చూపించాను. ఏడున్నరకి ఎక్కడినుంచో ఒక కుర్రాడిని తెచ్చి నిలబెట్టాడు. వాడికి సబ్జా అంటే ఏమిటో తెలియదు, కానీ చెయ్యి చురుకు. ఎనిమిదింబావుకి జనం ఒక్కసారిగా వచ్చారు, గరిటె పట్టినోడు గారు చెప్పినట్టే. జార్ల దగ్గర క్యూ పది మందిని దాటలేదు. మొహితో దగ్గర మాత్రం ముప్పై మంది, అందరూ కాలేజీ పిల్లలు, సెల్ఫీలు తీసుకుంటూ. వాళ్ళకి తొందరేం లేదు.

ముందు అయిపోయింది నన్నారి, తొమ్మిదింటికే. సీమ నన్నారి గారికి దండం. రెండోది మజ్జిగ. పుచ్చకాయ రసం 15 లీటర్లు మిగిలింది, పొద్దున పిండి తెచ్చారేమో నీళ్ళూ గుజ్జూ విడిపోయి ఎవరూ ముట్టలేదు. ఐసు 400 కిలోలకి 40 మిగిలింది. నాన్నగారు నాలుగు గ్లాసులు నన్నారి తాగారు. తమ్ముడి ఫ్రెండ్ ఒకడు ఆయన పక్కన నిలబడి నాలుగోది అందిస్తుంటే, 'నిన్న మీ హడావిడి ఎలా జరిగింది?' అని అడిగారట. విననే లేదన్న మనిషి.

ఒక చిక్కు మిగిలింది. గోలీ సోడా 300 సీసాలు, ఖాళీవి తిరిగి ఇవ్వాలి, తగ్గితే డబ్బు కట్టాలి. లెక్కపెడితే 63 లేవు. కొన్ని పిల్లలు గోలీ కోసం వెనకాల గోడ మీద కొట్టి పగలగొట్టారు, మిగతావి చుట్టాల సంచుల్లో ఇళ్ళకి వెళ్ళిపోయాయి. మా పెద్దత్తయ్య ఇంట్లో షోకేసులో రెండు చూశాను. అడగలేకపోయాను.


నిమ్మసోడా

అడగకండి. సీసాకి ఎంత కోశాడు?


పెద్దబ్బాయి

40 చెప్పాడు, 25కి దింపాం. అత్తయ్యవి రెండూ పోను 61కి నేనే కట్టాను, ఆ రెండింటికీ మా అమ్మ కట్టింది.